అడుగు బేలు

మొన్న మెయ్ వచ్చి వెళ్ళిన దగ్గర్నుంచి నాకు మా మిల్లు వాసన మళ్ళీ కొత్తగా తగులుతోంది. ఇన్నేళ్ళుగా అందులోనే మసలుతున్నాను కాబట్టి ముక్కు ఎప్పుడో దాన్ని పట్టించుకోవడం మానేసింది. కాలవలో నానిన కొబ్బరి డొక్కల వాసన ఎరగనివాళ్ళు ఇక్కడ కారు దిగగానే జేబురుమాలు వెతుక్కుంటారు. పులిసిన కుడితి, బురద, తడిసిన గోనెసంచి, ఈ మూడూ కలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మెయ్ మాత్రం కారు దిగి, కళ్ళు మూసుకుని, ఆ గాలిని గుండెనిండా పీల్చింది. జుట్టు నెరిసింది, కాస్త ఒళ్ళు చేసింది, చైనాలో పెద్ద ఉద్యోగంలో ఉంది. మొదటిసారి వచ్చినప్పుడు ఇదే చోట ముక్కు మూసుకుని నిలబడ్డ బక్కపల్చటి పిల్ల ఈవిడేనా అనిపించింది. అప్పుడు తను లిన్ గారికి దుబాసీ, నేను మా అమ్మకి దుబాసీని. ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతమాత్రమే. ఇప్పుడు ఆ లిన్ గారు పోయారన్న కబురు చెప్పడానికే అంత దూరం నుంచి వచ్చింది.

లిన్ గారు పరుపుల వ్యాపారంలో కోట్లకు పడగలెత్తిన మనిషి. మన ఊళ్ళో నాలుగు ఎకరాలూ ఒక కారూ ఉన్నవాణ్ణి కోటీశ్వరుడంటామే, ఆ లెక్కన కాదు. వాళ్ళ దేశంలో శ్రీమంతుల పేర్లు చెప్పమంటే ఆయన పేరూ చెబుతారట. మెయ్ తెచ్చిన పత్రికలో ఆయన బొమ్మ కింద, ఒంటిచేత్తో పైకొచ్చిన మనిషి అని రాసి ఉంది. దాని అర్థం అడిగి తెలుసుకుని అమ్మకి చెబితే, అమ్మ మూతి విరిచింది. "ఒంటిచేత్తో తాడు పేనగలరేంటే ఎవరైనా? అవతలి కొస ఇంకోళ్ళు పట్టుకోవద్దూ?" అంది. అమ్మకిప్పుడు డెబ్బై దాటి చాలా ఏళ్ళయింది. చూపు మందగించింది గానీ మాట మందగించలేదు. తాడు సంగతి ఆవిడ ఊరికే అనలేదు. దాని వెనక ఒక రోజు కథ ఉంది. అది మా అమ్మ జీవితాన్నీ, నా జీవితాన్నీ ఈ పీచుకి కట్టిపడేసిన రోజు.

మాది అంబాజీపేటకి దగ్గర్లో ఒక పల్లె. ఇంట్లో పెత్తనం పెదనాన్నది. ఆయనది కొబ్బరికాయల వ్యాపారం. ఎవరితో మాట్లాడుతున్నా ఆయన చేతిలో రెండు కాయలుండాలి. ఒకదానితో ఒకటి టకటకా కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింటూ, మధ్యమధ్యలో మనకి జవాబు చెప్పేవారు. పెళ్ళిసంబంధాలు మాట్లాడినా అంతే, చావు పరామర్శకి వచ్చినవాళ్ళతో మాట్లాడినా అంతే. మా నాన్న పోయినప్పుడు కూడా అరుగు మీద కూర్చుని కళ్ళ వెంట నీళ్ళు కారుస్తూనే కాయలు కొట్టుకుంటూ కూర్చున్నారు. పాపం అది ఆయన ఏడుపు అని నాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు. ఆ ఏడాదంతా మా గుమ్మంలో ముగ్గు లేదు. చావు చూసిన ఇంట్లో ముగ్గు వెయ్యకూడదని పెద్దమ్మ వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లి ఊరుకునేది. పొద్దున్నే బడికి వెళ్తూ ఆ బోడి వాకిలి దాటడం నాకు చాలా కష్టంగా ఉండేది.

నాన్న పోయాక పెదనాన్న మమ్మల్ని ఏ లోటూ లేకుండానే చూశారు. వంటింట్లోకి కావలసినవన్నీ అడక్కుండానే వచ్చేవి. అడగాలంటే మాత్రం గడపలో నిలబడి, పెద్దమ్మ ద్వారా అడగాలి. అమ్మకి అదే గిట్టేది కాదు. అన్నం పెట్టే చెయ్యి మంచిదే కావచ్చు, ఎప్పుడూ చెయ్యి కిందే ఉండటం మనిషికి మంచిది కాదు అనేది. నేను డిగ్రీ అయ్యి అమలాపురంలో ఒక కాన్వెంటులో పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన రోజుల్లో అమ్మ కాలవగట్టు వైపు చూడటం మొదలుపెట్టింది. ఒలుపువాళ్ళు కాయలు ఒలిచి, డొక్కల్ని గట్టు మీద కొండలా పోసేవారు. కొన్ని పొయ్యిలోకి పోయేవి. మిగతావి వానకి కుళ్ళి, దోమలకి కాపురాలయ్యేవి. కేరళలో వాటితో పీచు తీస్తారని అమ్మకి ఎవరో చెప్పారు. ఎవరు చెప్పారో ఇప్పటికీ చెప్పదు. "పారేసిన డొక్కలు నాకిచ్చెయ్యండి బావగారూ, చెరువుపక్క పాకా, దాని ముందున్న ఖాళీ జాగా కూడా ఇవ్వండి" అని జీవితంలో మొదటిసారి పెద్దమ్మ సాయం లేకుండా తనే అడిగింది. పెదనాన్న చేతిలో కాయలు ఆగిపోయాయి.

ఆయన కాదనలేదు. ఆ పాకలో పీచు తీసే మిషను, ఎండిన పీచుని దిమ్మల్లా నొక్కి బేళ్ళు కట్టే ప్రెస్సు వచ్చాయి. డొక్కలు మిషన్లో వేస్తే పీచు ఒకపక్కకీ పొట్టు ఒకపక్కకీ పడేవి. పాక ముందు కళ్ళంలో పీచు ఆరబోసి, ఎండాక బేళ్ళు కట్టేవారు. పొట్టు గాలికి లేచి ఊరంతా పడేది. పక్కింటివాళ్ళు పప్పులోకి పొట్టు పడిందని తిట్టేవారు. అమ్మ జుట్టు ఎప్పుడూ ఎర్రగా పొట్టు కొట్టుకుపోయి ఉండేది. రాత్రి నా పక్కన పడుకుంటే ఆ వాసనే. ఎన్ని కుంకుడుకాయలతో రుద్దినా పోయేది కాదు. అంతా బాగానే ఉంది గానీ, సరుకు కొనేవాడే లేడు. పీచు తాళ్ళు పేనే ఒకరిద్దరు దళారులు వచ్చి పెదవి విరిచి వెళ్ళిపోయారు. కొబ్బరి దింపు మళ్ళీ మొదలయ్యే లోపు ఒక లోడైనా వెళ్ళకపోతే ఆ పాక కాయల గోదాము చేసేస్తానని పెదనాన్న తేల్చి చెప్పారు. "పంతానికి పోకు సత్యవతీ, నీకేం తక్కువ చేసేను నేను?" అన్నారు. ఆయన వెళ్ళాక అమ్మ నాతో, "మళ్ళీ ఆ గడపలో నిలబడలేనే అమ్మడూ" అంది. నేను అమ్మ నోట విన్న ఒకే ఒక్క బేల మాట అది.

అలాంటప్పుడు విశాఖపట్నంలో ఒక ఎగుమతుల ఏజెంటు నుంచి కబురొచ్చింది. చైనా నుంచి పరుపులు చేసే ఆయన పీచు కోసం తిరుగుతున్నాడని, సరుకు చూడ్డానికి వస్తాడని. ఊరు ఊరంతా మా పాక ముందుకొచ్చి పడింది. చైనావాడు పాములు తింటాడా, మనల్ని చూసి నవ్వుతాడా అని ఎవరికి తోచింది వాళ్ళు చెప్పుకున్నారు. పెదనాన్న కూడా, ఇంటి పరువు సంగతి కాబట్టి, ఒక్కసారిగా పెళ్ళిపెద్ద అయిపోయారు. రాజమండ్రి స్టేషనుకి కారు పంపించారు. మిల్లులో ఆడవాళ్ళకి మేస్త్రీ నూకాలమ్మ. ఆవిడ అమ్మ దగ్గరకొచ్చి, "దేశం కాని దేశం నుంచి పెద్దమనిషి వత్తన్నాడు, వాకిలి బోడిగా ఉంటే ఏం బావుంటాదండి? మీరు ఊరుకోండి, మేం చూసుకుంటాం కదా" అంది. మర్నాడు తెల్లవారేసరికి కళ్ళమంతా ఊడ్చి, పేడనీళ్ళు కలిపి బిందెలకొద్దీ కళ్ళాపి చల్లేశారు. దానిమీద మూల నుంచి మూలకి ముగ్గు వేశారు. బేళ్ళ కింద ఎప్పుడూ వేసే పాత చెక్కలు అసహ్యంగా కనిపిస్తున్నాయని తీసి పాక వెనక్కి విసిరేశారు. బేళ్ళన్నీ పాకలోంచి బయటికి తెచ్చి, ముగ్గుకి అవతల, నేలమీదే, గోడ కట్టినట్టు వరసగా పేర్చారు. అమ్మ వచ్చి చూసి, "ఎంత కళగా ఉందే!" అని మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను. పెదనాన్న అయితే దూరంగా వెళ్ళి నిలబడి మరీ చూసుకున్నారు. పీచు పట్ల మేం ఎంత పెద్ద తప్పు చేశామో మాలో ఒక్కరికీ తట్టలేదు. అతిథి వస్తుంటే వాకిలి తడపకపోతేనే తప్పు అని కదా పుట్టినప్పట్నుంచీ మాకు తెలిసింది.

లిన్ గారు కారు దిగితే అందరూ ఉసూరుమన్నారు. పెదనాన్న సూటూ బూటూ ఊహించుకున్నారు. ఆయనకి మామూలు తెల్లచొక్కా, మోకాళ్ళ దగ్గర ముడతలు పడ్డ ప్యాంటు. చేతిలో మూత ఉన్న స్టీలు ఫ్లాస్కు. పక్కన మెయ్. పెద్దమ్మ ఎదురెళ్ళి బొండాం చేతికిచ్చింది. విధవరాలు ఎదురు రాకూడదు కాబట్టి అమ్మ బేళ్ళ వరస వెనకే నిలబడిపోయింది. ఆయన బొండాం రెండు చేతులతో అందుకుని, వంగి దణ్ణం లాంటిది పెట్టి, పక్కన పెట్టేసి, వేడినీళ్ళు కావాలన్నారు. వైశాఖం ఎండ. "జ్వరమేమోనే, మిరియాల కషాయం కాచమంటావా?" అని పెద్దమ్మ నా చెవిలో అడిగింది. జ్వరం కాదనీ, వాళ్ళు తాగేదే వేడినీళ్ళనీ మెయ్ చెప్పింది. అంతలో ఆయన ముగ్గు దగ్గరకొచ్చి, దాన్ని తొక్కకుండా అంచున నడిచి, బేళ్ళ వరస దగ్గర ఆగారు. పెదనాన్న పైన ఉన్న బేలు చూపించి, "సరుకు చూడండి, బంగారం" అన్నారు. ఆయన పైబేలు వంక కూడా చూడలేదు. గొంతుక్కూర్చుని అన్నిటికంటే అడుగున ఉన్న బేలు కిందకి చెయ్యి పోనిచ్చారు. చెయ్యి బయటికి తీసి వేళ్ళు చూసుకున్నారు, వాసన చూశారు. తరవాత ఒక చిన్న మాట అన్నారు.

మెయ్ నావైపు చూడకుండా చెప్పింది. "నీళ్ళు పోశారు అంటున్నారు. బరువు కోసం."

దాన్ని తెలుగులో కాస్త మెత్తగా ఎలా చెప్పాలా అని నేను మాటలు వెతుక్కున్నాను. అప్పుడే అమ్మ మొదటిసారి ముందుకొచ్చింది. "ఏవన్నాడే? ఉన్నదున్నట్టు చెప్పు" అంది. చెప్పాను. అమ్మ మొహం కందిపోయింది. పెదనాన్నది మాత్రం వ్యాపారస్థుడి బుర్ర. ఆయన వెంటనే గొంతు తగ్గించి, "దీనికింత రాద్ధాంతం ఎందుకు? తడికి తరుగు తీసేసుకోమందాం. అందరూ చేసేదే కదా" అన్నారు. సరుకులో తేమ ఉంటే ఆ మేరకు బరువు కొట్టేసి లెక్క కట్టుకోవడాన్ని మా వైపు తరుగు అంటారు. గొడవ లేకుండా బేరం కుదిరిపోయే మర్యాదైన దారి అది.

"తరుగు ఇస్తే నీళ్ళు పోసేమని ఒప్పుకున్నట్టే కదండి బావగారూ!" అంది అమ్మ. ఆ ఇంటికొచ్చిన ఇన్నేళ్ళలో బావగారి మాటకి పదిమందిలో ఎదురు చెప్పడం ఆవిడకదే మొదలు. "నేను పొయ్యలేదు. పొయ్యలేదని చెప్పవే అమ్మడూ. ఆయన కోసం, ఆయన మర్యాద కోసం చల్లేమని చెప్పు."

నాకున్న ఇంగ్లీషుతో నేను చెప్పాను. పెద్దవాళ్ళు వచ్చినప్పుడు గౌరవంగా ఆవుపేడ కలిపిన నీళ్ళు చల్లుతాం అని. మెయ్ కళ్ళు పెద్దవయ్యాయి. అయినా చెప్పింది. లిన్ గారు కనుబొమలు పైకెత్తి ఏదో అడిగారు. "ఎవరిమీద చల్లుతారు అని అడుగుతున్నారు" అంది మెయ్. ఇంకో రోజయితే పడీపడీ నవ్వేదాన్ని. నూకాలమ్మ మాత్రం నెత్తి కొట్టుకుని, "అయ్యో, నా చేతులిరిగిపోనూ!" అని నేలమీద కూలబడింది. లిన్ గారు అప్పటికే వాచీ చూసుకుంటున్నారు. ఇంతకుముందు ఇంకెక్కడో కొన్న సరుకు ఇలాగే లోపల తడిసి, ఓడలో నల్లబడిపోయి, కంటైనరుకి కంటైనరు పారబోయాల్సి వచ్చిందట. నీళ్ళ కథలు చాలా విన్నానన్నారట. బయల్దేరదాం అన్నారు.

అమ్మ పాకలోకి వెళ్ళి కొడవలి పట్టుకొచ్చింది. కారు డ్రైవరు రెండడుగులు వెనక్కి వేశాడు. అమ్మ ఆ అడుగు బేలునే బయటికి లాగించి, దాని కట్లు తెంపింది. బిగించి కట్టిన పీచు ఒక్కసారిగా పొంగి విచ్చుకుంది. "నీళ్ళు పోసేవాడు లోపల పోస్తాడు. పైకి కనపడేలా పొయ్యడానికి వాడికేం పిచ్చా? చెయ్యి పెట్టి చూడమను" అంది. ఆయన పెట్టారు. నడుమంతా పొడిపొడిగా ఉంది. నేలకి ఆనిన వైపు మాత్రమే తడి. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన మాత్రం తల ఊపలేదు. ఒక్క బేలు చూసి చెప్పలేనన్నారట. అమ్మ నవ్వింది. అది మంచి నవ్వు కాదు, నాకు తెలుసు. "సరే అయితే. ఒక్కటి కూడా మిగల్చకుండా అన్నీ కోసెయ్యండే. ఆయన కళ్ళముందే ఎండాలి, ఆయన కళ్ళముందే కట్టాలి, ఆయన కళ్ళముందే తూచాలి. ఏజెంటుకి నేను ముందే చెప్పినదాని కన్నా బరువు తగ్గితే ఈ పాక బావగారిది, నేను మాట్లాడను. అంతదాకా ఉండే ఓపికుందేమో అడుగు." నేను అడిగాను. ఆయన మొదటిసారి అమ్మ మొహంలోకి సూటిగా చూశారు. ఫ్లాస్కు పక్కన పెట్టి, బూట్లు విప్పి, ప్యాంటు మడిచారు.

నెలల తరబడి కట్టిన బేళ్ళన్నీ ఆ పొద్దున్నే విప్పేశాం. నూకాలమ్మ ఏడుస్తూనే, అంత కష్టపడి వేసిన ముగ్గుని చీపురుతో చెరిపేసి, తడి మట్టి గీకి అవతల పోయించింది. ఎండ కూడా మాతో పంతం పట్టినట్టే కాసింది. పీచు పరిచి, తిరగేసి, మళ్ళీ పరిచాం. నేను పాఠాలు చెప్పుకునే చేతులతో మొదటిసారి పీచు దులిపాను. కాసేపటికి చూస్తే లిన్ గారు మా వరసలో ఉన్నారు. మనవాళ్ళు దూరం నుంచి విసురుతూ పరుస్తారు. ఆయన గొంతుక్కూర్చుని, రెండు చేతులతో చిక్కు తీస్తూ, పోగు పోగుని పక్కకి జారవిడుస్తూ వెళ్తున్నారు. ఆ చేతులు ఆ పని ఎప్పుడో చేసినవని చూడగానే తెలిసిపోయింది. నూకాలమ్మ కూడా ఏడుపు ఆపి చూసింది.

మధ్యాహ్నం చెరువుగట్టు మీద చెట్లనీడలో అందరికీ విస్తళ్ళు వేశారు. పెదనాన్న ఆయన్ని ఇంటికి పిలిచారు గానీ, ఆయన సరుకు వదిలి రానన్నారు. కొరమీను పులుసు వేస్తే ముల్లు ముల్లూ నోట్లోనే వేరుచేసి, ఊడ్చినట్టు తినేశారు. పెరుగు మాత్రం ముట్టుకోలేదు. అమ్మ మాట్లాడకపోయినా ఆయన ఫ్లాస్కు ఖాళీ కానివ్వలేదు. పొయ్యిమీద గిన్నె పెట్టించి, సలసలా కాగిన నీళ్ళు తనే పోసి తెచ్చేది. కోపం కోపమే, అతిథి అతిథే. అక్కడే, కడుపు నిండాక, అమ్మే అడిగించింది, ఈ పని ఎక్కడ నేర్చుకున్నావని.

ఆయన చెప్పింది మెయ్ నాకు, నేను అమ్మకి. మధ్యలో ఎంత ఒలికిపోయిందో తెలియదు గానీ, మిగిలింది ఇది. వాళ్ళది కొండల్లో ఊరు. అక్కడ తాటిచెట్టు లాంటి ఒక చెట్టు ఉంటుంది. దాని మాను చుట్టూ ఉండే పీచు ఒలిచి తాళ్ళూ, వానకి కప్పుకునే గొంగళ్ళూ చేస్తారు. వాళ్ళమ్మ తాడు పేనేది. అవతలి కొస పట్టుకుని వెనక్కి వెనక్కి నడవడం ఈయన పని. చదువుకుంటూ కొస పట్టుకుంటే తాడు వదులయ్యేదని, వాళ్ళమ్మ పుస్తకం తీసి పక్కన పెట్టేదట. ఆ రోజుల్లో సొంతంగా ఏదైనా అమ్ముకుంటే వాళ్ళ దగ్గర తప్పు కింద లెక్క. అందుకని తాళ్ళు నడుముకి చుట్టుకుని, పైన కోటు వేసుకుని, కొండ దిగి పట్నంలో అమ్మొచ్చేవాడు. తరవాత విల్లు లాంటిది భుజాన వేసుకుని, ఊరూరా తిరిగి, దూది ఏకి బొంతలు కుట్టాడు.

"అయితే మన దూదేకులాయనన్నమాట!" అంది అమ్మ. నేను వద్దంటున్నా ఆ మాట కూడా చెప్పించింది. ఏకేటప్పుడు విల్లు చేసే చప్పుడు నోటితో చేసి చూపించింది. ఆయన ఉలిక్కిపడి, తనూ అదే చప్పుడు చేశారు. ఆ రోజు ఆయన నవ్వడం అప్పుడే చూశాం. బొంతలు కుట్టే చోట జనం నడుము నొప్పులని మూలగడం విని, గట్టిగా ఉండే పరుపు చేస్తే కొంటారని తోచిందట. అద్దెకి తీసుకున్న ఒక కోళ్ళపాకలో, పీచు పొరలు పరిచి మొదటి పరుపు చేశాడు. దాన్ని సైకిలు వెనక కట్టుకుని తిరిగాడు. ఎవరూ కొనలేదు. కొననివాళ్ళ ఇళ్ళలోనే వదిలేసి, నెల పడుకుని చూడండి, తరవాత మాట్లాడదాం అన్నాడు. నెల తిరిగాక చాలామంది వెనక్కివ్వలేదు. అదీ ఆయన వ్యాపారం మొదలు. ఇప్పుడు కొండల్లో పీచు చాలక ఇక్కడికొచ్చాడు. అడుగు బేలే ఎందుకు చూశావని నేను అడిగాను. మధ్యలో కొన్నాళ్ళు గోదాములో బరువులు మోశాడట. మంచి బేళ్ళు పాతవాళ్ళు ఎత్తుకునేవారు. కొత్తవాడికి ఎప్పుడూ అడుగుదే మిగిలేది, దాన్ని మోసిన వీపుకి సరుకు సంగతి తెలుస్తుందని చెప్పారు. పెదనాన్న దూరంగా కూర్చుని వింటున్నారు. ఆయన చేతిలో కాయలు లేవు.

పొద్దు వాలే వేళకి పీచు గలగలా ఎండింది. ప్రెస్సు ఆగకుండా తిరిగింది. తూచినప్పుడు కాటా దగ్గర ఊరంతా ఉంది. అమ్మ చెప్పిన బరువుకి అణువంత కూడా తగ్గలేదు. నూకాలమ్మ గట్టిగా అరిచి చప్పట్లు కొట్టింది. లిన్ గారు తల ఊపి, సరుకు తీసుకుంటున్నానని, ఇకమీద ప్రతి దఫా కావాలని చెప్పారు. ఒక్క షరతు పెట్టారు. "ఇంకోసారి వస్తే నాకు మర్యాద చెయ్యొద్దని చెప్పమంటున్నారు" అంది మెయ్. అందరూ ఘొల్లున నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. కారెక్కే ముందు ఆయన ఆ ఫ్లాస్కు అమ్మ చేతిలో పెట్టి వెళ్ళిపోయారు.

కారు మలుపు తిరిగాక పెదనాన్న అమ్మ దగ్గరకొచ్చి, "పాక నీదేనమ్మా" అన్నారు. అమ్మ గంతులేస్తుందనుకున్నాను నేను. ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, "సరుకు తీసుకున్నాడు గానీ, అన్న మాట వెనక్కి తీసుకోలేదే" అంది. నిజమే. నీళ్ళు పోశారన్న మాట తప్పని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. ఇంత పెద్ద ఆర్డరు ఇచ్చాక అదో లెక్కా అన్నాను నేను. "నీకు లెక్క కాదు. నన్ను దొంగన్నాడు, పదిమందిలో" అంది అమ్మ. అంతే, మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. ఆ మర్నాటి నుంచి మిల్లు వాకిట్లో నీటిచుక్క పడనివ్వలేదు. దసరా ఆయుధపూజకి కూడా పొడి నేలమీదే ముగ్గు వెయ్యాలి, గాలికి కొట్టుకుపోతే పోనీ. మొదటి లాభాలతో కళ్ళం సిమెంటు చేయించింది. బేళ్ళ కింద చెక్కలు లేకపోతే ఎవర్నీ ఊరుకోనిచ్చేది కాదు.

ఆ తరవాత అమ్మా, లిన్ గారూ ఇద్దరూ పెరిగారు. ఎవరి కొలత వాళ్ళది. మాకు రెండో మిషను వస్తే, ఆయనకి రెండో ఫ్యాక్టరీ వచ్చేది. నేను కాన్వెంటు మానేసి మిల్లు ఆఫీసులో కూర్చున్నాను. మెయ్ రాసే ఫ్యాక్సుల మీద కంపెనీ గుర్తు మారుతూ వచ్చేది, ముందు ఒక ఊరి పేరు, తరవాత చాలా ఊళ్ళ పేర్లు. తరవాత ఫ్యాక్సు పోయి మెయిలొచ్చింది. లిన్ గారు మళ్ళీ మా ఊరు రాలేదు. ఒకసారి ఇంగ్లీషు పేపర్లో శ్రీమంతుల వరసలో ఆయన బొమ్మ పడింది. ఏదో దుకాణంలో పరుపు పక్కన నిలబడి ఉన్నారు, మంచి కోటు. అమ్మ కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూసి, "కోటు మారింది గానీ, చెయ్యి చూడు, పరుపు కిందే ఉంది" అంది. అప్పట్లో ఊరిమీద పడి తిట్లు తినిపించిన పొట్టుని ఇప్పుడు ఇటికల్లా నొక్కి, మొక్కల కోసం అమ్ముతున్నాం. మా మిల్లు చూసి చుట్టుపక్కల ఎన్నో మిల్లులు లేచాయి. పెదనాన్న ఆఖరి రోజుల్లో మంచం మిల్లు వరండాలోనే వేయించుకున్నారు. ఆ మిషన్ల చప్పుడు లేకపోతే నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు కొత్తగా వ్యాపారంలోకి దిగే పిల్లలు వస్తుంటారు. సెల్లులో సరుకు ఫోటో పంపి, సెల్లులోనే బేరం ముగిస్తారు. తప్పు పట్టను, రోజులు అలాంటివి. కానీ ఫోటో ఎప్పుడూ పైబేలుదే కదా అనిపిస్తుంది.

మొన్న మెయ్ లిన్ గారి చివరి రోజుల గురించి చెప్పింది. బాధ పడకుండానే పోయారట. కంపెనీలో సరుకు కొనే ఉద్యోగంలోకి ఎవరు చేరినా, మొదటిరోజు ఆయనే స్వయంగా కూర్చోబెట్టి ఒక కథ చెప్పేవారట. ఒక దేశంలో ఒక తల్లి నా గౌరవం కోసం నేల తడిపింది, నేను ఆవిణ్ణి దొంగ అన్నాను. అడుగు బేలు చూడ్డం తెలుసు నాకు, బేలు విప్పి చూడ్డం ఆవిడ నేర్పింది. తప్పు నాది, ఆ మాట ఆవిడతో చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇంతే కథ. ఏటేటా అదే కథ, ఆఖరి ఏడాది చక్రాల కుర్చీలో కూర్చుని కూడా చెప్పారట. మాట పొల్లుపోకుండా నేను అమ్మకి తెలుగులో చెప్పాను.

"వేలమందికి చెప్పేడు గానీ నాకు చెప్పలేకపోయేడా? వెర్రి మనిషి" అంది అమ్మ. కళ్ళు తుడుచుకోలేదు, నీళ్ళు అలాగే కారనిచ్చింది. తరవాత మెయ్ చెయ్యి పట్టుకుని లేచి, షెడ్డులోకి తీసుకెళ్ళి, వరసలో అడుగు బేలు చూపించింది. మెయ్‌కి చెప్పాల్సిన అవసరం లేకపోయింది. మోకాళ్ళమీద కూర్చుని, చెయ్యి పోనిచ్చి, తీసి చూసుకుంది. పొడిగా ఉంది. "చూసింది కదా? ఇక నీళ్ళు పట్రండే" అంది అమ్మ. ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ వాకిట్లో నీళ్ళు చల్లడం వాళ్ళెవరూ ఎరగరు. బకెట్లో పేడనీళ్ళు వచ్చాయి. అమ్మ నా భుజం ఆసరా పట్టుకుని, గేటు నుంచి కళ్ళం దాకా తన చేత్తోనే కళ్ళాపి చల్లింది. నూకాలమ్మ కోడలు సంబరంగా ముగ్గుగిన్నె తీసుకుని పరిగెత్తుకొచ్చింది.

"వద్దే" అంది అమ్మ. "ఇవాళ ముగ్గు వెయ్యకూడదు."